వాల్వు గిటారు యాంప్లిఫైయర్: చేతి వైరింగా, బోర్డా?



తిరుపతిలో గిటారు పట్టిన కుర్రవాళ్లకు కొదవ లేదు. యూనివర్సిటీ హాస్టళ్లలో ఉన్నారు, ఏర్పేడు దగ్గర ఐఐటీలో ఉన్నారు, చర్చిల్లో ఆదివారం ఆరాధనకు వాయించేవాళ్లు ఉన్నారు, పెళ్లిళ్లకూ జాతరలకూ తిరిగే ఆర్కెస్ట్రాల్లో ఉన్నారు. వీళ్లలో చేయి బాగా తిరిగినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వాల్వు యాంప్లిఫైయర్ మీద మనసు పడతారు. కొందామని ధరలు చూసేసరికి ఒకచోట ఆగిపోతారు. చేత్తో వైరింగ్ చేసింది కొనాలా, ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మీద కట్టింది కొనాలా? ఫెండర్ కంపెనీ డీలక్స్ రివర్బ్ అనే ఒకే పేరుతో ఈ రెండు రకాలూ అమ్ముతోంది. బోర్డు రకం కంటే చేతి వైరింగ్ రకం ధర రెట్టింపుకు కాస్త తక్కువగా ఉంటుంది. ఆ తేడా చూసి, అందులో ఏదో మహత్తు ఉండే ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ రెండింటి తేడా కోసం చెవితో వెతికితే ప్రయోజనం లేదు, స్క్రూడ్రైవరుతో వెతకాలి. పైన పెట్టే డబ్బు వల్ల వచ్చేది ముఖ్యంగా రేపు చెడిపోతే బాగుచేసుకునే వీలు. చిత్తూరులోనో మదనపల్లెలోనో ఉండే మనిషికి ఆ వీలు ఎంత విలువ చేస్తుందో లెక్క వేసుకుంటే, ఏది కొనాలో తేలిపోతుంది.

వాల్వు మన ప్రాంతానికి కొత్త వస్తువేమీ కాదు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ రేడియోల స్విచ్చి వేసి, లోపల వాల్వులు ఎర్రబడి మాట వినపడేదాకా కాచుకుని కూర్చున్నవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి వీధి నాటకం ఉంటాయి. అర్జునుడు తపసు మాను ఎక్కుతాడు, చివర దుర్యోధన వధ, ఆపైన నిప్పుల గుండం. హరికథ దాసుగారి గొంతు పక్క ఊరికి కూడా వినిపించింది మైకుసెట్టు వల్లనే. ట్రాన్సిస్టర్లు రాకముందు ఆ మైకుసెట్లలో ఉన్నవి వాల్వులే, ఆ వాల్వుల అడుగున ఉన్నది చేతి వైరింగే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. గిటారు యాంప్లిఫైయర్లకు ఇప్పటికీ కావలసిన ఇ.సి.సి.83, ఇ.ఎల్.84 లాంటి రకాలు ఒకప్పుడు అక్కడే తయారయ్యాయి. ఇప్పుడు అవే రకాలు స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి రావాలి.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో పాకాల మండలం గాదంకి ఉంది. అక్కడి వాతావరణ పరిశోధన రాడార్‌కు 1024 యాంటెన్నాలు. మొదట్లో వాటికి శక్తినిచ్చిన 32 ట్రాన్స్‌మిటర్లు పెద్ద పెద్ద వాల్వులతో నడిచేవి. తర్వాత వాటిని తీసేసి, యాంటెన్నాకొకటి చొప్పున 1024 సాలిడ్ స్టేట్ మాడ్యూళ్లు పెట్టారు. అంత పెద్ద రాడారే వాల్వులను వదిలేస్తే, గిటారు వాయించేవాళ్లు ఎందుకు వదలరు?

కారణం ఉంది. మైకుసెట్టుకైనా రాడార్‌కైనా ఇచ్చిన సంకేతం చెడకుండా బయటికి రావాలి. గిటారుకు ఒక్కోసారి అది చెడాలి, అందంగా చెడాలి. వాల్వును దాని శక్తికి మించి నడిపినప్పుడు సంకేతం తల ఒక్కసారిగా తెగిపోదు, మెల్లగా గుండ్రమవుతుంది. తీగను మెల్లగా మీటితే స్వరం శుభ్రంగా వస్తుంది, గట్టిగా మీటితే గరగరమని నిండుగా పలుకుతుంది. ఆ రెంటి మధ్య ఉండే మెట్లన్నీ వాయించేవాడి వేళ్ల కింద ఉంటాయి. ఆ గరగర అక్కర్లేనివాళ్లకు ఈ ఖర్చూ అక్కర్లేదు. మన పాలకొల్లు నుంచి వెళ్లిన యు. శ్రీనివాస్ గారిలా ఎలక్ట్రిక్ వాద్యం మీద కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవారికి గమకం స్పష్టంగా వినపడడమే ముఖ్యం. వాళ్లకు మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్ చాలు.

సరే, వాల్వుదే కావాలి. మూత తీసి చూద్దాం.

చేతి వైరింగ్‌లో ఒకే పద్ధతి లేదు. పాత వాల్వు రేడియోల్లో రెసిస్టెన్సు కాలు ఒకటి వాల్వు సాకెట్టుకు, రెండోది పక్కనున్న ట్యాగు స్ట్రిప్పుకు నేరుగా లెడ్డు పెట్టి అతికించేవాళ్లు. బోర్డనేదే లేదు. రెండో పద్ధతిలో గట్టి అట్టలాంటి ఫైబరు పలకకు చిన్న చిన్న ఇత్తడి కన్నాలు బిగించి, సామాన్లన్నీ వరుసగా పేర్చి, అక్కడి నుంచి సాకెట్లకు వైర్లు లాగుతారు. అమెరికాలో లియో ఫెండర్ ఎంచుకున్నది ఇదే. ఆయన ఫ్యాక్టరీలో వైరింగ్ చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 1950లనాటి కొన్ని యాంప్లిఫైయర్లు విప్పితే, వైరింగ్ చేసినామె పేరు రాసిన కాగితపు టేపు ముక్క లోపల ఇంకా అతుక్కుని కనిపిస్తుంది. మూడో పద్ధతిలో కన్నాల బదులు నిలువు మేకుల్లాంటి టరెట్లు ఉంటాయి. ఇంగ్లండులో హైవాట్ కంపెనీ వైరింగ్ ఈ పద్ధతికి పేరు మోసింది. వైర్లన్నీ నూలు పట్టి కొట్టినట్టు తిన్నగా, లంబకోణంలో వంగి ఉంటాయి.

ప్రింటెడ్ బోర్డు కూడా కొత్తదేమీ కాదు. వియన్నాలో పుట్టి లండన్‌కు వలస వచ్చిన పాల్ ఐస్లర్ 1936లోనే వైర్ల బదులు రాగి గీతలు అచ్చు వేసిన సర్క్యూట్‌తో ఒక రేడియో చేసి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ పద్ధతి లోకమంతా పాకింది. లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టులో 1962లో తయారైన మొదటి మార్షల్ యాంప్లిఫైయర్‌కు చేతి వైరింగే. 1970ల మొదటి సగంలోనే ఆ కంపెనీ బోర్డుకు మారింది. 1981లో వచ్చిన జె.సి.ఎం.800 వరుస కూడా బోర్డు మీద కట్టిందే. 1980లనాటి రాక్ సంగీతం వినివుంటే, ఆ బోర్డుల మీంచి వచ్చిన స్వరం మీరు వినే ఉంటారు. ఆ రికార్డులు పట్టుకుని తిరిగేవాళ్లే, బోర్డు యాంప్లిఫైయర్‌లో ప్రాణం ఉండదని తీర్మానిస్తుంటారు.

స్వరం సంగతి ఇక్కడే తేల్చుకుందాం. బోర్డు మీది రాగి గీతలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వాటి మధ్య కెపాసిటెన్సు ఏర్పడి పై స్థాయి స్వరాలను మింగేస్తుందని ఒక వాదన. ఏర్పడడం నిజమే. ఎంత? సరిగా గీసిన బోర్డులో కొన్ని పికోఫారడ్‌లు. మీ గిటారు నుంచి యాంప్లిఫైయర్ దాకా వచ్చే కేబుల్ చూడండి. మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు ఉంటాయి, 6 మీటర్ల కేబుల్‌కు 600. బోర్డు స్వరాన్ని చంపేస్తుందని దిగులుపడేవాళ్లు ముందు ఆ కేబుల్‌ను సగం చేసుకుంటే తేడా అక్కడికక్కడే వినిపిస్తుంది. స్వరాన్ని నిర్ణయించేవి సర్క్యూట్ గీత, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకరు, దాన్ని బిగించిన పెట్టె, వాల్వులు, ఆ తర్వాత సామాన్ల విలువలు. చేతి వైరింగ్ యాంప్లిఫైయర్ బాగా పలికితే, చాలాసార్లు అంత ధర పెట్టిన కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్‌కూ స్పీకరుకూ కూడా మంచి ఖర్చు పెట్టి ఉంటుంది. ఆ పుణ్యాన్ని మనం లెడ్డు పెట్టిన చేతికి కట్టబెడతాం.

మరి బోర్డుకు లోపమే లేదా? ఉంది. ఆ లోపం పేరు వేడి.

ఇ.ఎల్.34 అనే పవర్ వాల్వునే తీసుకోండి. దాని ఫిలమెంటు 6.3 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు లాగుతుంది. అంటే వెలగడానికే తొమ్మిదిన్నర వాట్లు. ప్లేటు మీద మరో 25 వాట్ల దాకా వేడి పుట్టొచ్చు. అలాంటివి నాలుగున్న యాంప్లిఫైయర్ ఏమీ వాయించకుండా ఊరికే పెట్టినా 100 వాట్ల వేడి కక్కుతుంది. ఆ వాల్వు సాకెట్టును నేరుగా బోర్డుకే లెడ్డు పెట్టి అతికిస్తే, ఆ వేడంతా పిన్నుల గుండా బోర్డులోకి దిగుతుంది. రోజూ వేడెక్కుతుంది, రోజూ చల్లారుతుంది. లోహం సాగే తీరు వేరు, బోర్డు సాగే తీరు వేరు. ఆ లాగులాటలో నలిగేది మధ్యనున్న లెడ్డు.

తిరుపతిలో ఒక పాత రేడియో మెకానిక్ బల్ల దగ్గర నేను దీన్ని కళ్లారా చూశాను. ఆర్కెస్ట్రాలో వాయించే ఒక అబ్బాయి యాంప్లిఫైయర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఎప్పటి నుంచి నాయనా ఇట్ల?" అని అడిగాడు ఆయన. "చల్లగా ఉంటే బాగుంటాది సార్. ఒక అరగంట వాయించినాక గరగర మొదలైతాది, ఒక్కోసారి ఆగే పోతాది" అన్నాడు అబ్బాయి. ఆయన వాల్వు మార్చలేదు. కరెంటు తీసి, లోపల కండెన్సర్లలో మిగిలిన చార్జిని ఒక రెసిస్టెన్సు గుండా దింపి, మీటరు పెట్టి సున్నా చూసుకుని, బోర్డు తిరగేసి భూతద్దం కింద పెట్టాడు. పవర్ వాల్వు పిన్నుల చుట్టూ లెడ్డు మెరుపు పోయి బూడిద రంగులో ఉంది. ఒక పిన్ను చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని నల్లటి వలయం. లెడ్డు పిన్నును వదిలేసిందన్నమాట. చల్లగా ఉన్నప్పుడు తగులుతోంది, వేడికి ఎడమవుతోంది. పాత లెడ్డు లాగేసి కొత్త లెడ్డు పెట్టడానికి పావుగంట కూడా పట్టలేదు. ఆ బోర్డును బయటికి తీయడానికి మాత్రం ముందున్న నాబులు, నట్లు, జాకులు, వెనుక కనెక్టర్లు అన్నీ విప్పాల్సి వచ్చింది. ముప్పావు పని అదే. "ఇదే చాసిస్‌కు బిగించిన సాకెట్టయితే అడుగు మూత తీసి కూచున్నచోటే అతికించేవాణ్ని" అన్నాడాయన.

మన ప్రశ్నకు ఆ బల్ల మీద దొరికిన జవాబు కాస్త వేరుగా ఉంది. చూడాల్సింది బోర్డు ఉందా లేదా అని కాదు, వాల్వు సాకెట్లు దేనికి బిగించారని. బోర్డు వాడినా, సాకెట్లనూ జాకులనూ వాల్యూం కంట్రోళ్లనూ లోహపు చాసిస్‌కే బిగించి, వైర్లతో బోర్డుకు కలిపిన యాంప్లిఫైయర్లు ఉన్నాయి. బోర్డు మందంగా, గాజు నారతో చేసిందై, రెండు వైపులా దట్టమైన రాగితో ఉంటే మరీ మంచిది. అలాంటిది చేతి వైరింగ్‌కు దాదాపు సమానంగా నిలుస్తుంది, ధరలో మాత్రం చాలా తక్కువకు వస్తుంది. ఇక జాకును నేరుగా పలచటి బోర్డుకే అతికించిన రకంలో, వాయిస్తూ ఎవరైనా కేబుల్ తొక్కితే ఆ లాగు నేరుగా బోర్డు మీద పడుతుంది.

చేతి వైరింగ్ భక్తులకు కూడా ఒక మాట చెప్పాలి. ఫెండర్ వాడిన ఆ ఫైబరు పలక కాలం గడిచేకొద్దీ తేమ పీలుస్తుంది. 400 వోల్టులు ఉండే చోట, తేమ పట్టిన పలక కొద్దిగా కరెంటు వదులుతుంది. అక్కడి నుంచి బుసబుసలు, చిటపటలు మొదలవుతాయి. నవంబరులో ఈశాన్య రుతుపవనాలు తిరుపతిని ముంచెత్తే రోజుల్లో నేల మీద, గోడవారన పెట్టిన పాత యాంప్లిఫైయర్ పాడవడానికి ఇదొక దారి. పైగా చేతి వైరింగ్ అంటే ఎవరి చేతి వైరింగ్ అన్న ప్రశ్న ఉంటుంది. ఫిలమెంటు వైర్లు మెలిపెట్టకుండా, గిటారు సంకేతం వచ్చే వైరు పక్కనుంచే లాగారంటే జీవితాంతం హమ్మింగ్ తప్పదు. గిటారు నుంచి వచ్చే వైరూ స్పీకరుకు పోయే వైరూ దగ్గరపడితే యాంప్లిఫైయర్ తనంతట తానే కూయడం మొదలుపెడుతుంది. బోర్డులో ఈ గీతలు ఒకసారి సరిగా గీస్తే వెయ్యో సెట్టు కూడా మొదటి సెట్టు లాగే ఉంటుంది.

బోర్డును తక్కువగా చూడ్డానికి మన జిల్లాలకు హక్కు కూడా లేదు. శ్రీసిటీలో, రేణిగుంట చుట్టుపక్కల ఫోన్లు, టీవీలు తయారయ్యే ఫ్యాక్టరీల్లో మన ఊళ్ల ఆడపిల్లలు, మగపిల్లలు రోజంతా బోర్డుల మధ్యే పనిచేస్తున్నారు. బోర్డు మీద లెడ్డు సరిగా కూర్చుందా లేదా అని ఒక్క చూపులో చెప్పగలవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. కాకపోతే ఒక తేడా గమనించాలి. కాళ్లు బోర్డులోంచి దూరి అటువైపు లెడ్డు పట్టే పెద్ద సామాన్లున్న బోర్డును మామూలు మెకానిక్ కూడా బాగుచేస్తాడు. నువ్వుగింజంత సామాన్లు పైపైన అతికించిన బోర్డుకు వేడిగాలి మెషీను, దానికి అలవాటుపడిన చేయి కావాలి. వాల్వు యాంప్లిఫైయర్ కొనేటప్పుడు లోపలి ఫొటో అడగండి. ఏ రకం బోర్డో అందులో తెలిసిపోతుంది.

ఇక మన కరెంటు. అమెరికా నుంచి బంధువులు తెచ్చే యాంప్లిఫైయర్ 120 వోల్టులదైతే, నేరుగా మన ప్లగ్గులో పెట్టకూడదు. తగిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టయితే ఇంకో చిక్కు. పల్లెలో రాత్రి మోటార్లు ఆగాక లైను 250కి ఎగబాకితే, 6.3 వోల్టులు రావలసిన ఫిలమెంటుకు 7.1 దాటి వస్తుంది. వాల్వు తయారీదారులు ఒప్పుకునేది పది శాతం ఎక్కువ తక్కువలే. అది పదమూడు శాతం పైమాట. ఇది చేతి వైరింగ్‌కూ బోర్డుకూ ఒకేలా చేటు చేస్తుంది. కాబట్టి జాతరలకూ భారతం మిట్టలకూ తిరిగే ఆర్కెస్ట్రాకు, వైరింగ్ పద్ధతి గురించి ఆలోచించేముందు మంచి స్టెబిలైజరు కొనడం మేలు.

విడిభాగాల సంగతికొస్తే, మనకు రెండు వైపులా రెండు బజార్లున్నాయి. తిరుపతివాళ్లు పొద్దున రైలెక్కితే చెన్నై రిచీ స్ట్రీట్ చూసుకుని రావచ్చు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లెవాళ్లకు బెంగళూరు ఎస్.పి. రోడ్డు దారి సులువు. రెసిస్టెన్సులు, కండెన్సర్లు, సాకెట్లు అక్కడ దొరుకుతాయి. చేతి వైరింగ్ సెట్టుకు వీటితో పని అయిపోతుంది, ఎందుకంటే అందులో ఆ కంపెనీకే ప్రత్యేకమైన ముక్క దాదాపు ఏదీ ఉండదు. బోర్డు కాలిపోయి, గీతలు బొగ్గయిపోతే మాత్రం ఆ బోర్డే తెప్పించాలి. ఆ కంపెనీ అప్పటికి ఆ మోడల్ ఆపేసి ఉంటే మెకానిక్ చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు.

ఇదంతా కలిపి చూసుకుంటే సలహా ఇలా వస్తుంది. ఇంట్లో, చర్చిలో, కాలేజీలో వాయించేవాళ్లకు 15 నుంచి 20 వాట్ల బోర్డు సెట్టు చాలు, సాకెట్లు చాసిస్‌కు బిగించిందై ఉంటే చాలు. ఒక హాలు నిండడానికి వాల్వు సెట్టులో ఆ వాట్లు ఎక్కువే. మిగిలిన డబ్బుతో ఒక జత పవర్ వాల్వులు, ఒక చిన్న వాల్వు, నాలుగు ఫ్యూజులు కొని దగ్గర పెట్టుకోండి. టెంపోలో ఎక్కించి దించి, ఎండాకాలమంతా జాతరలకు తిప్పేవాళ్లు, అదే సెట్టును ఇరవై ఏళ్లు వాడాలనుకునేవాళ్లు, దగ్గర్లో వాల్వు తెలిసిన మెకానిక్ ఉన్నవాళ్లు చేతి వైరింగ్‌కు డబ్బు పెట్టొచ్చు. వాళ్లకు ఆ ఖర్చు తిరిగొస్తుంది. మెకానిక్ ఎవరూ లేనిచోట ఉండి, పేరు కోసం మాత్రమే చేతి వైరింగ్ కొనేవాళ్లకు ఒకటే చెబుతాను, ఆ డబ్బుతో మంచి స్పీకరు మార్చుకోండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.

కొనేచోట నాలుగు పనులు చేయండి. కనీసం ఒక గంట వేడెక్కనిచ్చి వాయించండి, పది నిమిషాల పరీక్షకు వేడి జబ్బులు బయటపడవు. వాల్యూం సున్నాకు తెచ్చి హమ్మింగ్ వినండి. చెక్కముక్కతో గానీ పెన్సిలు వెనుక భాగంతో గానీ సెట్టు పైభాగం మెల్లగా తట్టండి, చిటపటమంటే ఎక్కడో అతుకు వదులైనట్టే. వెనుక ప్లేటు మీద 230 లేదా 240 వోల్టుల గుర్తు ఉందో లేదో చూసుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. వాల్వు యాంప్లిఫైయర్ ప్లగ్గు పీకేసినా లోపలి ఫిల్టర్ కండెన్సర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. ప్రాణం తీయడానికి అది చాలు. నేను చెప్పిన వైరింగ్ అందాలన్నీ ఫొటోల్లో చూసుకోండి, లేదా తెలిసిన మెకానిక్ పక్కన నిలబడి చూడండి. ఆ పని నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉంటే, అలాంటి పెద్ద మెకానిక్ మీ ఊళ్లో ఇంకా దుకాణం తెరుస్తున్నప్పుడే వెళ్లి అడగండి. వాల్వు పని తెలిసినవాళ్లలో చాలామందికి వయసు మీదపడింది. వాళ్ల తర్వాత ఆ పని అందుకునే చేయి లేకపోతే, చేతి వైరింగ్‌కు మనం పెట్టే అదనపు ధరకు ఈ ప్రాంతంలో అర్థం లేకుండా పోతుంది.